బడిలో మీటరు.. బజారులో మూర!

* చట్టం వచ్చి ఆరు దశాబ్దాలు దాటినా వీడని పాత కొలతలు
* గుంటలు, సెంట్ల తికమకతో భూమి లెక్కల్లో తేడాలు
* చేతితో కొలిచి నేర్పితేనే విద్యార్థులకు పట్టు

ఖమ్మం: ఆరో తరగతి విద్యార్థి ఉదయం బడిలో ‘ఒక మీటరుకు నూరు సెంటీమీటర్లు, ఒక కిలోగ్రాముకు వెయ్యి గ్రాములు’ అని నోటు పుస్తకంలో రాసుకుంటాడు. సాయంత్రం తల్లి వెంట బజారుకు వెళితే అక్కడ పూలు మూరల్లో పలుకుతాయి. ఇంటికి వచ్చేసరికి తండ్రి పొలం బేరం ఎకరాల్లో, గుంటల్లో సాగుతుంటుంది. నానమ్మ నగలు తులాల్లోను, గోడమీది టీవీ అంగుళాల్లోను, చెల్లెలి జ్వరం ఫారన్‌హీట్‌లోను, గోదావరి వరద అడుగుల్లోను వినిపిస్తాయి. పుస్తకంలో చదివిన కొలత ఒకటి, బతుకులో ఎదురయ్యే కొలతలు పది. ఈ రెంటికీ నడుమ వంతెన వేసే పని బడీ చేయడం లేదు, బజారూ చేయడం లేదు.

మెట్రిక్ పద్ధతి పరీక్ష పత్రంలో ఒక మార్కు ప్రశ్నగా మిగిలిపోతే వచ్చే నష్టమేమిటన్న సందేహం సహజం. నష్టం ఉంది. అయితే అది మార్కుల్లో కాదు.. భూమిలో, బంగారంలో, పైరుకు కొట్టే మందులో, పసిపిల్లలకు పోసే సిరప్‌లో. రెండు కొలతలు పక్కపక్కనే నడిచే చోట రెండూ తెలిసినవాడికి లాభం, ఒక్కటే తెలిసినవాడికి నష్టం. ఆ ఒక్కటే తెలిసినవారు సాధారణంగా పేదలు, వృద్ధులు, చదువు అంతంతమాత్రమైనవారు.

చుక్క ఒకటే.. భూమి వేరు

తెలంగాణలో ఎకరాకు 40 గుంటలు. వాడుకలో వీటినే కుంటలు అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎకరాకు 100 సెంట్లు. మధిర, సత్తుపల్లి వంటి సరిహద్దు ప్రాంతాల వారికి అవతలి రాష్ట్రంలో బంధుత్వాలు, పొత్తులు, భూములు ఉండటం మామూలే. ఎకరాల పక్కన చుక్క పెట్టి గుంటలనో, సెంట్లనో రాయడం రెండు చోట్లా అలవాటు. చిక్కంతా ఈ చుక్కతోనే.

ఒక కాగితంపై ‘2.20’ అని ఉన్నదనుకుందాం. దానిని గుంటల లెక్కలో చదివితే 2 ఎకరాల 20 గుంటలు, అంటే సరిగ్గా రెండున్నర ఎకరాలు. సెంట్ల లెక్కలో చదివితే 2 ఎకరాల 20 సెంట్లు మాత్రమే. రెంటికీ తేడా 30 సెంట్లు, అనగా 1,452 చదరపు గజాలు. ఊరి పక్కన రోడ్డు మీది భూమి అయితే ఈ తేడా ఒక కుటుంబం జీవితకాల సంపాదనతో సమానం. ‘1.05’ అన్న అంకెనూ చూడవచ్చు. అయిదు గుంటలైతే పన్నెండున్నర సెంట్లు, అయిదు సెంట్లయితే రెండే గుంటలు.

చుక్క తర్వాత 40 కంటే పెద్ద అంకె ఉంటే అది గుంట కాదని పోల్చుకోవచ్చు. అంతకు తక్కువైతే అంకెను చూసి చెప్పే మార్గమే లేదు. అదే విస్తీర్ణాన్ని హెక్టార్లలో రాస్తే ఈ సందిగ్ధం తలెత్తదు. రెండున్నర ఎకరాలు సుమారు 1.012 హెక్టార్లు, 2 ఎకరాల 20 సెంట్లు సుమారు 0.890 హెక్టార్లు. ఇక్కడ చుక్కకు ఒకటే అర్థం. ఏ రాష్ట్రంలో చదివినా, ఏ దేశంలో చదివినా భూమి ఒక్క చదరపు మీటరు కూడా అటూ ఇటూ జరగదు.

ఇళ్ల స్థలాలదీ ఇదే కథ. నెల్లూరు ప్రాంతంలో అంకణం అంటే 72 చదరపు అడుగులు. 36 చదరపు అడుగులనే అంకణంగా లెక్కించే ఊళ్లూ ఉన్నాయి. పేరు విని బేరం కుదుర్చుకున్నవాడు తాను కొన్నది ఎంతో తెలుసుకోవాలంటే ఆ ఊరి లెక్క కనుక్కోవలసిందే.

ఒకే శేరు.. రెండు తూకాలు

పూర్వం తూనికలు ఇంతకంటే గందరగోళంగా ఉండేవి. మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న ఆంధ్ర జిల్లాల లెక్కలో మూడు తులాలు ఒక పలం, ఎనిమిది పలాలు ఒక శేరు, అయిదు శేర్లు ఒక వీసె, ఎనిమిది వీసెలు ఒక మణుగు, ఇరవై మణుగులు ఒక బారువ. ఆ ప్రకారం శేరు 24 తులాలు, అంటే దాదాపు 280 గ్రాములు. ఉత్తరాదిన, రైల్వే సరుకు రవాణాలో, నైజాం ప్రాంతంలో వాడుకలో ఉన్నది 80 తులాల శేరు. అది దాదాపు 933 గ్రాములు. పేరు అదే అయినా ఒక శేరులో మరో శేరు మూడింతలకు పైగా ఇముడుతుంది. మణుగుదీ అదే తీరు. మద్రాసు మణుగు 11 కిలోలకు కొంచెం ఎక్కువ కాగా, 40 శేర్ల ఉత్తరాది మణుగు 37 కిలోల పైమాటే.

ధాన్యం కొలతలు వేరు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. మానిక పరిమాణం ప్రాంతాన్ని బట్టి మారేది గనుక పుట్టి కూడా మారేది. కొలిచేవాడు మానికను గుత్తంగా నింపాడా, తలకొట్టి కొలిచాడా అన్నదానిని బట్టి కూలీకి ఇచ్చే గింజలు తగ్గడమో పెరగడమో జరిగేది. కొలత పాత్ర ఎవరి చేతిలో ఉంటే న్యాయం వారి పక్షమన్న మాట.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించినపుడు ఈ రెండు సంప్రదాయాలు ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి. నాణేలలో కూడా అంతకుముందు నుంచీ ద్వంద్వమే. హైదరాబాద్ సంస్థానపు హాలీ సిక్కా ఏడు రూపాయలకు భారత రూపాయలు ఆరు. రాష్ట్రం ఏర్పడిన రెండు నెలలకే, 1956 డిసెంబరు 28న, తూనికలు కొలతల ప్రమాణాల చట్టానికి ఆమోదం లభించింది. మెట్రిక్ పద్ధతికి దేశంలో పునాది పడింది ఆ రోజే. ఈ మార్పు అవసరం తెలుగువారికి తెలిసినంతగా మరెవరికీ తెలిసి ఉండదేమో!

అణాల నుంచి నయాపైసలకు

ముందుగా మారింది డబ్బు. అప్పటివరకు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 100 నయాపైసలు వచ్చాయి. పాత పైసాతో పొరబడకుండా ‘నయా’ అని చేర్చారు. జనానికి అలవాటు పడిన తర్వాత, 1964 జూన్ 1 నుంచి ఆ మాట తీసేశారు. పావలా 25 పైసలు, అర్ధరూపాయి 50 పైసలుగా సులభంగానే సర్దుకున్నాయి. అణాకు మాత్రం ఆరుంబావు నయాపైసలు రావడంతో చిల్లర దగ్గర కొంతకాలం పేచీలు తప్పలేదు.

తూనికల మార్పు 1958 అక్టోబరు 1న మొదలైంది. ఒక్కసారిగా కాకుండా ప్రాంతాలవారీగా, రంగాలవారీగా అమలు చేశారు. పాత, కొత్త రాళ్లు రెండూ చెల్లే గడువు ఇచ్చి, 1962 ఏప్రిల్ 1 నాటికి వర్తకంలో మెట్రిక్ తూనికలను తప్పనిసరి చేశారు. నిరక్షరాస్యులు అధికంగా ఉన్న అంత పెద్ద దేశం అయిదేళ్లలో నాణేలను, తూకపు రాళ్లను మార్చుకోవడం సామాన్య విషయం కాదు. శేరు, వీసె నేడు కిరాణా దుకాణాల్లో వినిపించకపోవడం ఆనాటి విజయమే.

ఆ తర్వాత 1976లో మరింత సమగ్రమైన చట్టం వచ్చింది. దాని స్థానంలో 2009లో చేసిన లీగల్ మెట్రాలజీ చట్టం 2011 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ప్రామాణిక యూనిట్లలో తప్ప ధర చెప్పడం, ధరల పట్టిక ఇవ్వడం, బిల్లు రాయడం, ప్రకటన చేయడం ఈ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. ఈ చట్టాన్ని అమలు చేసేది ప్రజలు తూనికలు కొలతల శాఖగా పిలుచుకునే విభాగమే.

పదిలోనే ఉంది కిటుకు

పాత పట్టికలలో ఒక మెట్టుకు మూడు, మరో మెట్టుకు ఎనిమిది, ఆపై అయిదు, మళ్లీ ఎనిమిది, తర్వాత ఇరవై. ప్రతి మెట్టూ విడిగా కంఠస్థం చేయవలసిందే. అందుకే పెద్దబాలశిక్షలో ఈ పట్టికలకు చోటు ఇచ్చారు. మెట్రిక్ పద్ధతిలో ప్రతి మెట్టూ పదే. మిల్లీ, సెంటీ, డెసీ కిందివైపు.. డెకా, హెక్టో, కిలో పైవైపు. పొడవుకు నేర్చుకున్న మాటలే బరువుకూ, ద్రవాలకూ పనికివస్తాయి. మార్చవలసింది అంకెలను కాదు, చుక్క స్థానాన్ని మాత్రమే.

కొలతలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండటం ఈ పద్ధతికి మరో బలం. పొడవు, వెడల్పు, ఎత్తు 10 సెంటీమీటర్ల చొప్పున ఉన్న డబ్బాలో సరిగ్గా ఒక లీటరు పడుతుంది. ఆ లీటరు నీటి బరువు దాదాపు ఒక కిలో. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు ఉన్న తొట్టిలో వెయ్యి లీటర్లు, అంటే టన్ను నీరు. నీళ్ల ట్యాంకు కట్టించేవారికి ఈ ఒక్క లెక్క తెలిస్తే మేస్త్రీ చెప్పిన అంకెను అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు.

మీటరు పుట్టింది ఫ్రాన్స్‌లో, 1790వ దశకంలో. ఏ రాజు చేతి పొడవుతోనూ సంబంధం లేకుండా భూమి కొలతనే ప్రమాణంగా తీసుకోవాలన్నది నాటి శాస్త్రజ్ఞుల తలంపు. ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ వరకు గల దూరంలో కోటోవంతును మీటరు అన్నారు. ఇప్పుడు మీటరును కాంతి వేగం ఆధారంగా నిర్వచిస్తున్నారు. కిలోగ్రాముకు 1889 నుంచి ప్రమాణంగా ఉన్న ప్లాటినం-ఇరిడియం దిమ్మె స్థానంలో 2019 మే 20 నుంచి ప్లాంక్ స్థిరాంకం ఆధారమైంది. మన దేశపు ప్రమాణాలను న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల కాపాడుతోంది. అక్కడి ప్రమాణంతో రాష్ట్రాల ప్రమాణాలను, వాటితో తనిఖీ అధికారుల రాళ్లను, వాటితో దుకాణాల తూకాలను పోల్చి చూస్తారు. కూరగాయల బండిమీది కిలో రాయి వరకూ సాగే గొలుసు ఇది. మూరకు ఇటువంటి గొలుసేదీ లేదు. అమ్మేవారి మోచేయే దానికి ప్రమాణం.

తులం ఎంత?

తులం మొదట 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. ఆ కాలపు వెండి రూపాయి బరువు కూడా అంతే. నేడు బంగారం దుకాణాల్లో తులం అంటే 10 గ్రాములు. కోస్తాలో కాసు అంటే 8 గ్రాములుగా లెక్కిస్తారు. పెళ్లినాడు పది తులాలు పెట్టామని పెద్దలు చెప్పే మాటలో పాత తులమైతే 116 గ్రాములకు పైగా, కొత్త తులమైతే 100 గ్రాములు. ఒకటిన్నర తులానికి మించిన ఈ తేడా పంపకాల నాడు అన్నదమ్ముల నడుమ, అత్తింటి పుట్టింటి నడుమ అనుమానాలకు బీజం కాగలదు. ఎవరూ తీయకుండానే బంగారం తగ్గినట్లు కనిపించడం మాటలోని తిరకాసు వల్లనే. నగ కొన్న రోజునే బిల్లులో నికర బరువును గ్రాముల్లో రాయించుకుని భద్రపరిస్తే ఈ పేచీకి తావుండదు.

మోతాదు తప్పితే ముప్పు

మిరప, పత్తి విరివిగా సాగయ్యే జిల్లా ఇది. పురుగుమందుల లేబుళ్లపై మోతాదును హెక్టారుకు ఇంత అని ముద్రించడం పరిపాటి. రైతు లెక్క మాత్రం ఎకరాల్లో ఉంటుంది. హెక్టారు అంటే 2.47 ఎకరాలు. హెక్టారుకు 500 మిల్లీలీటర్లు అని ఉన్న మందును ఎకరాకు 500 మిల్లీలీటర్లు కొడితే అది సిఫారసుకు రెండున్నర రెట్లు. ఖర్చు పెరుగుతుంది, పైరు మాడవచ్చు, పిచికారీ చేసే కూలీ ఒంటికీ చేటు. అసలు మోతాదు ఎకరాకు సుమారు 200 మిల్లీలీటర్లు. సీసా మూతతో కొలిచే అలవాటు మరో ప్రమాదం. ఏ రెండు కంపెనీల మూతలూ ఒకే పరిమాణంలో ఉండవు. గీతలున్న కొలపాత్రను వాడటమే క్షేమం.

ఇంట్లోనూ ఇదే పొరపాటు దొర్లుతుంది. వైద్యులు టీ స్పూను అంటే 5 మిల్లీలీటర్లు, టేబుల్ స్పూను అంటే 15 మిల్లీలీటర్లు. పేరులోని తేడా గమనించకపోతే పసిబిడ్డకు పోసే సిరప్ మూడింతలవుతుంది. వంటింటి చెంచాల పరిమాణమైతే ఇంటింటికీ వేరు. సీసాతో పాటు వచ్చే మూతపైనా, సిరంజిపైనా మిల్లీలీటర్ల గీతలు ఉంటాయి. చీటీపై మోతాదు ఎన్ని మిల్లీలీటర్లో రాయించుకుని, ఆ గీత వరకే పోయడం తల్లిదండ్రులు నేర్వవలసిన మొదటి మెట్రిక్ పాఠం.

వానా, వరదా..

వర్షపాతాన్ని మిల్లీమీటర్లలో ప్రకటిస్తారు. ఒక చదరపు మీటరుపై మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు నీరు పడినట్లు. ఆ లెక్కన హెక్టారుకు పది వేల లీటర్లు, ఎకరాకు నాలుగు వేల లీటర్లకు పైగా. ఇరవై నాలుగు గంటల్లో 64.5 మిల్లీమీటర్లు మించితే వాతావరణ శాఖ లెక్కలో భారీ వర్షం. మిల్లీమీటరుకు, సెంటీమీటరుకు తేడా మరిచిన వ్యక్తి 12 మిల్లీమీటర్ల జల్లును 12 సెంటీమీటర్ల కుండపోతగా భావించి బెదిరిపోగలడు. అంతకంటే ప్రమాదం, కుండపోతను జల్లు అనుకోవడం.

నదుల దగ్గర మళ్లీ అడుగులే. భద్రాచలం వద్ద గోదావరికి 43, 48, 53 అడుగుల వద్ద మూడు హెచ్చరికలు జారీ చేస్తారు. మీటర్లలో ఇవి సుమారు 13.1, 14.6, 16.2. దశాబ్దాలుగా తీరవాసుల మనసుల్లో నాటుకుపోయిన అంకెలను రాత్రికి రాత్రి మార్చడం మంచిది కాదు. ప్రాణాలతో ముడిపడిన చోట అలవాటైన అంకెనే చెబుతూ, పక్కన మీటర్లను చేర్చుతూ పోవడమే వివేకం.

ప్రాజెక్టుల నీటిని టీఎంసీల్లో, ప్రవాహాన్ని క్యూసెక్కుల్లో చెప్పుకోవడం తెలుగునాట అందరికీ అలవాటే. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులు, సుమారు 2.83 కోట్ల ఘనపు మీటర్లు. ఆ నీటిని మీటరు లోతున నిలిపితే 2,832 హెక్టార్లు, అంటే దాదాపు 7 వేల ఎకరాలు మునుగుతాయి. క్యూసెక్కు అంటే సెకనుకు 28.3 లీటర్లు. 11,574 క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజంతా కొనసాగితే ఒక టీఎంసీ. దినపత్రికలో వచ్చే ఈ అంకెలను లీటర్లలోకి, మీటర్లలోకి మార్చడం ఎనిమిదో తరగతి లెక్కల పీరియడుకు చక్కని అభ్యాసం.

బడిలో ఎలా నేర్పాలి?

కొలతల పాఠం చాలాచోట్ల నల్లబల్లపైనే ముగిసిపోతోంది. మూడు కిలోమీటర్లను సెంటీమీటర్లలోకి మార్చగలిగిన విద్యార్థి తరగతి గది పొడవెంతో అంచనా వేయమంటే తెల్లబోతాడు. సున్నాలు చేర్చడం వచ్చింది గానీ మీటరు అంటే ఎంతో కంటికి, చేతికి తెలియలేదు. ముందు అంచనా, తర్వాత కొలత, చివర పోలిక.. ఈ మూడు మెట్లలో పాఠం నడిస్తే ఆ లోటు తీరుతుంది.

మూరతోనే పాఠం మొదలుపెట్టవచ్చు. తరగతిలోని ముప్పై మంది మోచేతి నుంచి వేలి కొన వరకు తమ మూరను టేపుతో కొలిచి బల్లపై రాస్తే ముప్పై రకాల అంకెలు వస్తాయి. ఒకే బల్ల కొందరికి మూడు మూరలు, మరికొందరికి మూడున్నర. అందరికీ ఒకే ప్రమాణం ఎందుకు కావాలో ఉపాధ్యాయుడు చెప్పకుండానే పిల్లలకు తెలిసిపోతుంది. అదే సమయంలో తన జాన ఎన్ని సెంటీమీటర్లో గుర్తుపెట్టుకున్న విద్యార్థికి జీవితాంతం స్కేలు చేతిలో ఉన్నట్లే.

ఖర్చు లేని సామగ్రి బడిలోనే ఉంది. 2011లో వచ్చిన నమూనా అయిదు రూపాయల నాణెం బరువు 6 గ్రాములు. సాధారణ 80 గ్రాముల రకం ఏ4 కాగితం ఒక్కొక్కటి సుమారు 5 గ్రాములు, అంటే 200 కాగితాలు ఒక కిలో. మధ్యాహ్న భోజనానికి బియ్యం తూచేటపుడు పిల్లలను దగ్గర నిలబెడితే కిలో, క్వింటాలు కళ్లకు కట్టినట్లు కనిపిస్తాయి. ఖాళీ లీటరు సీసాతో బకెట్టు ఎన్ని లీటర్లో కొలిపించవచ్చు. అట్టతో పది సెంటీమీటర్ల డబ్బా చేయించవచ్చు.

ఆటస్థలం మరో ప్రయోగశాల. పురుషుల కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. క్రికెట్ పిచ్ పొడవు 22 గజాలు, అంటే 20.12 మీటర్లు. భూమి సర్వేలో వాడిన గొలుసు పొడవు కూడా సరిగ్గా ఇంతే. పది పిచ్‌ల పొడవు, ఒక పిచ్ వెడల్పు గల స్థలం ఒక ఎకరం. నూరు మీటర్ల పరుగుపందెం దారిని నాలుగు వైపులా గీస్తే లోపలిది ఒక హెక్టారు. ఈ ఒక్క పోలికతో ఎకరం, హెక్టారు రెండూ పిల్లల మనసుల్లో నిలిచిపోతాయి.

దశాంశ బిందువుపై ప్రత్యేక శ్రద్ధ అవసరం. 2.5 మీటర్లు అంటే 2 మీటర్ల 5 సెంటీమీటర్లని రాసే విద్యార్థులు ప్రతి తరగతిలోనూ కనిపిస్తారు. నిజానికి అది 2 మీటర్ల 50 సెంటీమీటర్లు. 1.05 కిలోలు అంటే కిలో 50 గ్రాములు, 1.5 కిలోలు అంటే కిలో 500 గ్రాములు. ఇక్కడ చుక్కను తప్పు చదివిన పిల్లవాడే రేపు పాసుపుస్తకంలోని చుక్కను కూడా తప్పు చదువుతాడు. కొలిచేటపుడు అంచు అరిగిన స్కేలును సున్నా నుంచి కాక ఒకటి నుంచి ఆరంభించి, ఆ ఒకటిని తీసివేయడం, గీతను నేరుగా పైనుంచి చూడటం వంటి చిన్న మెళకువలూ నేర్పాలి.

కొనేవారు గమనించవలసినవి

ఎలక్ట్రానిక్ కాటాను ఏడాదికోసారి, తూకపు రాళ్లను, త్రాసులను, లీటరు కొలపాత్రలను రెండేళ్లకోసారి తనిఖీ చేయించి ముద్ర వేయించుకోవడం వర్తకుల విధి. సరుకు పెట్టకముందు కాటాపై సున్నా కనిపించాలి. డబ్బా బరువు సరుకు బరువులో కలవకూడదు. ప్యాకెట్‌పై నికర పరిమాణం గ్రాముల్లోనో, మిల్లీలీటర్లలోనో ఉండాలి. ఒకే సరుకు 400 గ్రాముల ప్యాకెట్, 450 గ్రాముల ప్యాకెట్ పక్కపక్కన ఉన్నపుడు ధరను మాత్రమే చూసి మోసపోకుండా కిలోకు ఎంత పడుతుందో లెక్కించుకోవాలి. వంటగ్యాస్ సిలిండరులో 14.2 కిలోల గ్యాస్ ఉండాలి. సిలిండరుపై రాసిన ఖాళీ బరువుకు దీనిని కలిపి తూచి చూసుకునే హక్కు వినియోగదారుడికి ఉంది. తేడా వస్తే తూనికలు కొలతల శాఖకు గానీ, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు గానీ ఫిర్యాదు చేయవచ్చు.

మాటలు ఉండనీ.. కొలతలు మారనీ

పాత కొలతలను వదలడమంటే పాత మాటలను పారేయడం కాదు. పుట్టెడు దుఃఖాన్ని కిలోల్లోను, మూరెడు పూలను సెంటీమీటర్లలోను చెప్పమని ఏ చట్టమూ అడగదు. సోలెడు, గిద్దెడు, బారెడు, జానెడు.. ఇవి భాషకు సొగసు, తాతముత్తాతల వ్యవసాయానికి గుర్తు. వాటిని పిల్లలకు చెప్పవలసిందే. అయితే ఇచ్చిపుచ్చుకునే చోట, రిజిస్ట్రేషన్ కాగితంపై, మందు సీసాపై, నగల బిల్లుపై మాత్రం ఎవరు చదివినా ఒకే అర్థం వచ్చే కొలత ఉండాలి.

ఈ మార్పుకు మొదటి అడుగు ఇంటి నుంచే పడాలి. ఉపాధ్యాయుడు ఒక ఆదివారం ఇంటిపనిగా, ఇంట్లో ఉన్న పట్టాదారు పాసుపుస్తకంలోని విస్తీర్ణాన్ని హెక్టార్లలోకి మార్చి తండ్రికి చూపించమని చెబితే చాలు. ఎకరాల అంకెను 0.4047తో గుణించడమే పని. కాకపోతే గుంటలను ముందుగా 40తో భాగించాలని మరవరాదు. ఆ లెక్క సరిగా చేయగలిగిన పిల్లవాడి ఇంట్లో రేపు భూమి బేరం జరిగితే, చుక్కను చూపి మాయచేయడం ఎవరికీ సాధ్యం కాదు.

ఇవీ లెక్కలు

* అంగుళం: 2.54 సెంటీమీటర్లు
* అడుగు: 30.48 సెంటీమీటర్లు
* గజం: 91.44 సెంటీమీటర్లు
* మైలు: 1.609 కిలోమీటర్లు
* చదరపు గజం: 0.836 చదరపు మీటర్లు (200 చదరపు గజాల స్థలం సుమారు 167 చదరపు మీటర్లు)
* సెంటు: 48.4 చదరపు గజాలు, 40.47 చదరపు మీటర్లు
* గుంట: 121 చదరపు గజాలు, 101.2 చదరపు మీటర్లు, రెండున్నర సెంట్లు
* ఎకరం: 4,840 చదరపు గజాలు, 0.4047 హెక్టారు
* హెక్టారు: 10,000 చదరపు మీటర్లు, 2.471 ఎకరాలు
* పాత తులం: 11.66 గ్రాములు
* క్వింటాలు: 100 కిలోలు
* జ్వరం: 98.6 డిగ్రీల ఫారన్‌హీట్ అంటే 37 డిగ్రీల సెల్సియస్, 100.4 అంటే 38 డిగ్రీలు